మాకు క్యూసెక్కులల్ల కాదు సార్, ఫీట్లల్ల చెప్పండ్రి: మూసీ కింది ఊర్ల నుంచి ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్ పైన ఉన్న గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల గేట్లు ఎత్తే సార్లకు, ఎత్తమని ఆర్డర్ ఇచ్చే పెద్ద సార్లకు, మూసీ పారే జిల్లాల కలెక్టరేట్లల్ల వరద ఫైల్ చూసే సార్లకు, మేడంలకు, నీటిపారుదల, ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ ఇంజినీర్లకు అందరికి నమస్తే. ఇంతమందికి కలిపి ఒక్కటే లెటర్ ఏంది అనకుండ్రి. ఏరు ఒక్కటే గని దాని మీద ఒక్కో ముక్క ఒక్కో ఆఫీసుది, ఎవలికి రాస్తే ఎవలు మాది కాదంటరో తెల్వక అందరికి రాస్తున్న.

మాది వలిగొండ దిక్కు, మూసీ పొంటి ఊరు. వానాకాలం గట్టిగ పడ్డప్పుడల్లా ఊరి వాట్సాప్ గ్రూపుల ఒక మెసేజ్ తిరుగుతది, మీకు తెలిసిందే, ఇన్ని గేట్లు ఇన్ని ఫీట్లు ఎత్తినం, ఇన్ని వేల క్యూసెక్కులు మూసీలకు వదులుతున్నం, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలె అని. కింద గేట్ల ఫొటో. ఒక్కోసారి ఎవరో లీడర్ గంగమ్మకు చీర, పసుపు కుంకుమ వేస్తున్న ఫొటో గూడ ఉంటది. ఆ మెసేజ్ చూసి మా ఊర్ల ఒక్క మనిషి గూడ ఇప్పుడు ఏం చేయాల్నో తేల్చుకోలేడు. మోటర్ పీకాల్నా వద్దా, బర్రెలను ఇటు ఒడ్డుకు తోలుకురావాల్నా, పొద్దున పిలగాండ్ల కాలేజ్ బస్సు వస్తదా, ఏ ఒక్కదానికి అందుల జవాబు లేదు. ఇంకో తమాషా ఏందంటే అందుల ఉన్న ఫీట్లు గేటు ఎంత లేసిందో చెప్పే ఫీట్లు, మా కత్వ (ఏటికి అడ్డంగ కట్టిన చిన్న ఆనకట్ట) మీద నీళ్లు ఎంత లేస్తయో చెప్పే ఫీట్లు కావు. కొంతమంది పెద్దమనుషులు అవి రెండు ఒకటే అనుకుంటరు, రెండు ఫీట్లే కదా అని బండి తీసుకొని పోతరు.

క్యూసెక్కు అంటే ఏందో తెల్వని కాలం కాదు ఇది. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు, సుమారు 11,500 క్యూసెక్కులు ఒక రోజంత పారితే ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు), ఇంటర్ చదివే పిల్లగాడు గూడ ఫోన్ల చూసి చెప్తడు. కానీ పైన 10,000 క్యూసెక్కులు వదిలితే సంగెం దగ్గర భీమలింగం కత్వ మీద మోకాలు మునుగుతదా నడుము మునుగుతదా, రాత్రి పదింటికి గేటు లేపితే ఆ నీళ్లు మాకాడికి తెల్లారేసరికి వస్తయా, మధ్యాహ్నం వస్తయా, అది ఏ ఫోన్ల దొరకదు. ఆ లెక్క ఎవరైనా తీయగలరంటే మీరే తీయగలరు, అందుకే ఈ లెటర్.

ముందు ఏరు సంగతి చెప్పాలె, ఎందుకంటే సిటీల ఉండే చాలామందికి మూసీ అంటే చాదర్‌ఘాట్ బ్రిడ్జి, మూసారాంబాగ్ బ్రిడ్జి, నురగ, వాసన, అంతే. వికారాబాద్ కాడ అనంతగిరి గుట్టలల్ల పుడ్తది. మూసీ మీద గండిపేట చెరువు, దాని జోడు ఈసీ మీద హిమాయత్‌సాగర్, రెండు ఏర్లు బాపూఘాట్ దగ్గర కలుస్తయ్, సిటీ నడుమకెళ్లి వచ్చి నాగోల్ దాటి గౌరెల్లి కాడ ఔటర్ రింగ్ రోడ్డు కింద నుంచి బయటపడ్తది. టీవీ వాళ్ల మూసీ ఆడికే ఖతం. అసలు మూసీ ఆడ నుంచి ఇంకా చాలా ఉంది, పిల్లాయిపల్లి, జూలూరు, సంగెం, వలిగొండ, ఇట్ల వచ్చుకుంట సూర్యాపేటకు కేతేపల్లికి నడుమ సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టుల ఆగుతది, మళ్ల దిగి దామరచర్ల మండలం వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. మొత్తం సుమారు 240 కిలోమీటర్లు, ఏడు జిల్లాలు. రివర్ ఫ్రంట్ అని మీరు పని పెట్టుకున్నది అందుల 55 కిలోమీటర్లు. ఆ పని మంచిదా చెడ్డదా అని నేను ఇప్పుడు మాట్లాడత లేను, దాని మీద మాట్లాడేటోళ్లు మస్తుమంది ఉన్నరు, మిగిలిన దాని మీద మాట్లాడేటోడు లేడు కాబట్టి రాస్తున్న.

మా దిక్కు భూమి గురించి గూడ ఒక మాట. అంత గుట్టలు, బండలు, పైన పలుచగ ఎర్రమట్టి. వాన పడ్డదంటే ఇంకేది తక్కువ ఉరికేది ఎక్కువ. అందుకే మూసీ కృష్ణ లెక్క నాలుగు రోజుల ముందు చెప్పి వచ్చే ఏరు కాదు, కృష్ణకైతే ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం అని మెట్లు మెట్లుగ దిగుకుంట వస్తది, నాగార్జునసాగర్ గేట్లు ఎప్పుడు లేస్తయో రెండు మూడు రోజుల ముందే పేపర్ల అంచనా రాస్తరు. మూసీ అట్ల కాదు, పొద్దున మోకాళ్ల లోతు మురుగు, రాత్రికి ఒడ్డు దాటిన వరద.

1908 సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. సెప్టెంబర్ 28న వచ్చిన ఆ వరదల సుమారు 15,000 మంది పోయిన్రని రాస్తరు. అప్పుడు నిజాం పిలిపిస్తే విశ్వేశ్వరయ్య వచ్చి లెక్క తీస్తే ఆ పరీవాహకంల 788 చెరువులు ఉన్నయ్, అందుల 221 తెగినయ్ అని తేలింది. అంటే వచ్చింది ఒట్టి వాన నీళ్లే కాదు, ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడి, అది తెగి ఇంకో దాని మీద పడి వచ్చిన నీళ్లు. ఆ తర్వాతనే 1920ల గండిపేట, 1927ల హిమాయత్‌సాగర్ కట్టిన్రు. ఇయ్యాల అందరు వాటిని తాగునీళ్ల చెరువులు అనుకుంటరు గని అవి కట్టిన అసలు కారణం వరదను ఆపుకొని మెల్లగ వదలడానికి. ఈ మాట గుర్తుపెట్టుకోండ్రి, కిందికి మళ్ల వస్తది.

ఇప్పుడు నా అసలు బాధ. మీ హెచ్చరికలన్నీ ఆ రెండు చెరువుల గేట్ల చుట్టే తిరుగుతయ్. గేటు లేస్తే మెసేజ్, గేటు దించితే మెసేజ్. కానీ 2020 అక్టోబర్ 13 రాత్రి ఏమైంది? హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన్రు, నిజమే, కానీ ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ వాన పడ్డది ఘట్‌కేసర్ దిక్కు, 32 సెంటీమీటర్లు. ఘట్‌కేసర్ ఆ చెరువులకు కింద ఉంది సార్, పైన కాదు. ఆ నీళ్లకు గేటే లేదు. ఉప్పల్, ఎల్బీనగర్, హయత్‌నగర్, ఘట్‌కేసర్, అంత కాంక్రీట్ మీద పడ్డ వాన ఏ చెరువుల ఆగకుంట నాలాలల్ల పడి నేరుగ మూసీలకు, మూసీ నుంచి నేరుగ మా మీదికి. సిటీల చెరువులు ప్లాట్లు అయినకొద్ది ఈ గేటు లేని నీళ్లు పెరుగుకుంటనే పోతయ్. దానికి మెసేజ్ ఎవరు పెట్టాలె? గేటు రిజిస్టర్‌ల ఉండదు కాబట్టి ఎవరూ పెట్టరు. దానికి తోడు భువనగిరి దిక్కు నుంచి చిన్నేరు, ఆలేరు దిక్కు నుంచి బిక్కేరు వచ్చి పడ్తయ్, అవి సిటీ లెక్కల అసలే ఉండయ్.

ఆ రాత్రి తర్వాత మా దిక్కు పొలాలు ఎట్లయినయో చెప్పాల్నంటే, అక్టోబర్ నడుమ అంటే వరి గొలుసు పాలు తాగి బరువెక్కి వంగి ఉండే టైం, ముందు నాటేసినోళ్లది కోతకు వచ్చి ఉంటది. వరద వచ్చి పోతే మామూలుగ రెండు రోజులకు ఒండ్రు పెట్టి పోతది అంటరు పుస్తకాలల్ల, మూసీ వరద ఒండ్రుతోని పాటు సిటీ ప్లాస్టిక్ అంత తెచ్చి గట్లకు, వైర్లకు, కరెంట్ స్తంభాలకు చుట్టి పోతది. పడిపోయిన వరిల నుంచి చెత్త ఏరుకుంట కోయాలె. మోటర్లు, స్టార్టర్ డబ్బాలు, పైపులు పోయినయంటే ఒక్కో రైతుకు ఎంత దెబ్బో లెక్క వేసుకోండ్రి. అందుల మోటర్ పీకి గట్టు మీద పెట్టుకునేందుకు ఇద్దరు మనుషులు, రెండు మూడు గంటల టైం ఉంటే చాలు. ఆ రెండు మూడు గంటలే మేం అడుగుతున్నది, నష్టపరిహారం కంటే ముందు.

బ్రిడ్జిల సంగతికి వస్త. పోచంపల్లి నుంచి బీబీనగర్ పోయే తొవ్వల జూలూరు–రుద్రవెల్లి కాడ ఒక లోలెవెల్ బ్రిడ్జి, చౌటుప్పల్ నుంచి భువనగిరి పోయే తొవ్వల సంగెం–బొల్లేపల్లి నడుమ భీమలింగం కత్వ కాడ ఇంకోటి. పేపర్ చదివేటోళ్లకు ఈ రెండు పేర్లు బాగ తెల్సు, ఎందుకంటే పైన గేట్లు లేసిన ప్రతిసారి రాకపోకలు బంద్ అని ఈ రెండు పేర్లే వస్తయ్. ఆడ హైలెవెల్ బ్రిడ్జిలు కావాల్నని ఏండ్ల నుంచి అడుగుతనే ఉన్నరు. బీబీనగర్‌ల ఎయిమ్స్ వచ్చింది, సంతోషం, పోచంపల్లి దిక్కు నుంచి ఎవరికైన ఎమర్జెన్సీ అయితే జూలూరు బ్రిడ్జి మునిగి ఉంటే అంబులెన్స్ ఎటు నుంచి తిరిగిపోవాల్నో ఒకసారి మ్యాప్‌ల చూడండ్రి. భువనగిరి మా జిల్లా కేంద్రం, 2016ల కొత్త జిల్లా చేసినప్పుడు ఆఫీసులన్నీ దగ్గరైతయ్ అన్నరు, అయినయ్ గూడ, వానాకాలంల బ్రిడ్జి మీద నీళ్లు పారని రోజులల్ల.

బ్రిడ్జి మీద ఎంత నీళ్లుంటే ప్రమాదం అనేది గూడ మా వాళ్లకు ఎవరూ సరిగ్గ చెప్పలే. అర ఫీటు నీళ్లు జోరుగ పారుతుంటే మనిషి కాలు జారుతది, రెండు ఫీట్లు పారుతుంటే కారు తేలి పక్కకు పోతది. పైగా లోలెవెల్ బ్రిడ్జికి పక్కన రెయిలింగ్ ఉండదు, ఉన్నా గుర్రపుడెక్క చుట్టుకొని విరిగిపోతది, బురద నీళ్లల్ల రోడ్డు అంచు ఎక్కడుందో కనబడదు. గుర్రపుడెక్క అంటే యాదికొచ్చింది, అది ఇంకో గోస. కింద పైపులల్ల గుర్రపుడెక్క, థర్మకోల్, చెత్త ఇరికి నీళ్లు పోయే దారి మూసుకపోతది, అప్పుడు తక్కువ వరదకే బ్రిడ్జి మీద నుంచి పారుతది. జూన్‌ల ఒక్క రోజు జేసీబీ పెట్టి పైపులు క్లియర్ చేస్తే కొన్ని సార్లన్న రోడ్డు బంద్ కాకుంట ఉంటది. ఇది ఏ శాఖ పనో నాకైతే ఇప్పటిదాక అర్థం కాలే, కత్వ ఒకరిది, రోడ్డు ఒకరిది, ఏట్ల చెత్త ఎవరిదీ కాదు.

2025 సెప్టెంబర్ ఆఖరుల హైదరాబాద్‌ల మూసీ పక్కన ఉన్న ఎంజీబీఎస్ బస్టాండ్లకు నీళ్లు వచ్చినయ్ కదా, దసరాకు ఊర్లకు పోయేటోళ్లు ఆడ చిక్కుకుంటే రాష్ట్రమంత టీవీల చూసింది. చూపియ్యాలె, తప్పులేదు. ఆ నీళ్లు బస్టాండ్‌ల నుంచి ఎటు పోయినయో మాత్రం ఏ టీవీ చూపియ్యలే. అవి బతుకమ్మ రోజులు. మా దిక్కు ఆడోళ్లు బతుకమ్మను ఏటికో చెరువుకో తీసుకపోయి పొద్దుగూకినంక నిమజ్జనం చేస్తరు, పిల్లలు వెంబడి ఉంటరు, చీకట్ల నీళ్లు ఎంత జోరుగ ఉన్నయో ఎవరికి కనబడదు. గేట్లు ఎప్పుడెప్పుడు లేస్తయో చూడండ్రి, ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్, అంటే వినాయక నిమజ్జనం, బతుకమ్మ, దసరా. ఏ రోజైతే ఏటి కాడ మంది ఎక్కువ ఉంటరో ఆ రోజులే. ఈ ఒక్క ముక్క పెట్టుకొనైన పండుగ రోజుల ఊరికొక మనిషిని ఏటి కాడ ఉంచొచ్చు.

కింద మూసీ ప్రాజెక్టు దిక్కోళ్లకు ఇంకో రకం తిప్పలు. 1954ల మొదలుపెట్టి 1963ల పూర్తి చేసిన ప్రాజెక్టు, నిండితే నీటి మట్టం (సముద్ర మట్టం నుంచి) 645 అడుగులు, పట్టేది 4.46 టీఎంసీలు. అంటే ఇందాక చెప్పిన లెక్కన సుమారు 50,000 క్యూసెక్కులు ఒక్క రోజు వచ్చిందంటే ఖాళీ డ్యామ్ గూడ నిండిపోతది, అక్టోబర్‌ల అది ఎట్లాగు నిండే ఉంటది కాబట్టి పై నుంచి ఎంత వస్తే అంత కిందికి వదలాల్సిందే. 2019 అక్టోబర్‌ల ఒక రెగ్యులేటర్ గేటు ఊడి కొట్టుకపోతే నిండిన నీళ్లు కండ్ల ముందటనే పోయినయ్. ఆయకట్టు రైతులకు నీళ్లు పోయిన బాధ, కింది ఊర్లోళ్లకు నీళ్లు వచ్చిన భయం, రెండు ఒకటే రాత్రి. ఇగ ఆఖరుకు వాడపల్లి. సాగర్ గేట్లు తెరిచి కృష్ణ నిండుగ పారుతుంటే, దానికి కింద పులిచింతల గూడ నిండి ఉంటే, మూసీ నీళ్లకు పోయే జాగ ఉండదు, వెనక్కు తన్ని పక్క పొలాలల్ల నిలబడ్తయ్. కాబట్టి వాడపల్లి దిక్కు ప్రమాదం మూసీ గేట్లను ఒక్కదాన్ని చూసి చెప్తే సరిపోదు, రెండు ఏర్లు కలిపి చూడాలె. దామరచర్ల కాడ కేంద్ర జల సంఘం కొలత స్టేషన్ ఉంది, మంచిదే, కానీ అది ఏరు ఆఖరుకు ఉంది, అది వరద చూసేసరికి పైన మేమంత మునిగి తేలినట్టే.

ఇందాక గుర్తుపెట్టుకొమ్మన్న ముచ్చట ఇప్పుడు. గోదావరి నీళ్లు మల్లన్నసాగర్ నుంచి తెచ్చి గండిపేట, హిమాయత్‌సాగర్ నింపుతం, మూసీల మంచి నీళ్లు పారిస్తం అంటున్నరు. మంచి నీళ్లు పారితే మాకంటే సంతోషపడేటోడు ఎవడుంటడు, ఆ మురుగుతోని పంట పండించేది మేమే కదా. కాకపోతే ఒక్కటే డౌట్. వరద ఆపడానికి కట్టిన చెరువులను జూలై ఆగస్టుల వరకే పంపులు పెట్టి నింపి కూర్చుంటే సెప్టెంబర్‌ల తుఫాన్ వాన వచ్చినప్పుడు ఆపుకునే జాగ ఎక్కడిది? వచ్చింది వచ్చినట్టు గేట్లు ఎత్తుడే అయితది. వానాకాలం ఇన్ని అడుగులు ఖాళీ ఉంచుతం అని ఒక రూల్ రాసి బయట పెట్టండ్రి, ఏ నెల ఎంత అని. ఇంకోటి, 1996ల వచ్చిన 111 జీవో 84 ఊర్లల్ల పెద్ద కట్టడాలు రాకుంట ఆ చెరువుల పైభాగాన్ని కాపాడింది, 2022ల 69 జీవోతోని ఆ ఆంక్షలు సడలించిన్రు. అక్కడి రైతులకు ప్లాట్ల రేటు వస్తది, వాళ్ల బాధ వాళ్లది, నేను కాదనను. కానీ శంకర్‌పల్లి, మొయినాబాద్ దిక్కు పొలం మీద పడ్డ వాన ఇయ్యాల కొంతన్న ఇంకుతది, రేపు విల్లాల మీద పడ్డ వాన చాలామటుకు చెరువులకే ఉరుకుతది, దాని బిల్లు కట్టేది వలిగొండల, కేతేపల్లిల. ఆ జీవో మీద మీటింగ్‌లు పెట్టినప్పుడు మా దిక్కు మనిషిని ఒక్కన్ని గూడ పిలిచి అడిగినట్టు నేనైతే వినలే.

మరి ఏం కావాలె అంటే పెద్ద ఖర్చు పని కాదు. పైన గేట్ల రిజిస్టర్‌ల ఏ టైంకు ఎన్ని ఎత్తిన్రో రాసి ఉంటది. కింద మూసీ ప్రాజెక్టుల గంట గంటకు ఇన్‌ఫ్లో, అంటే లోపలికి ఎంత నీళ్లు వస్తున్నయో, రాసుకుంటరు. 2020, 2025, నడుమ వచ్చిన వరదలు, ఆ రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి ఒక ఇంజినీర్ సారు వారం రోజులు కూర్చుంటే పైన వదిలిన నీళ్లు కిందికి ఎన్ని గంటలకు వస్తయో తేలిపోతది. నడుమ ఊర్లది మేం చెప్తం, ఏ రాత్రి ఎన్నింటికి గుడి మెట్టు మునిగిందో, ఎవరి బోరు గద్దె దాకా వచ్చిందో ప్రతి ఊర్ల గుర్తున్నోళ్లు ఉన్నరు. అట్ల తేలిన లెక్క ఒక్క పేజీల పట్టిక వేయండ్రి: పైన ఇంత వదిలితే జూలూరు కాడ ఇన్ని గంటలకు ఇన్ని ఫీట్లు, భీమలింగం కాడ ఇన్ని గంటలకు ఇన్ని ఫీట్లు అని. అది పంచాయతీ ఆఫీసు గోడ మీద, రేషన్ షాపు కాడ, పాల కేంద్రం కాడ పెయింట్‌తోని రాయిస్తే చాలు. బిక్కేరు, చిన్నేరు కలిస్తే లెక్క తప్పుతది అని మీరంటరు, తప్పనీ, మండలానికో ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ ఉంది కదా, ఆడ ఇంత వాన పడితే ఇంకో ఫీటు కలుపుకోండ్రి అని రాయండ్రి. ఒక ఫీటు అటు ఇటు అయినా మాకు పనికొస్తది, ఇప్పుడైతే చేతుల ఏం లేదు.

గౌరెల్లి కాడ, పిల్లాయిపల్లి కాడ, జూలూరు కాడ, భీమలింగం కాడ బ్రిడ్జి స్తంభానికి తెలుపు నలుపు పట్టీలతోని ఫీట్ల స్కేలు గీయించండ్రి, రాత్రి కనబడేటట్టు ఒక లైట్. పై ఊరోడు చూసి కింది ఊరోనికి ఫోన్ చేస్తడు, గౌరెల్లి కాడ నాలుగు ఫీట్లు దాటింది అని, ఇది సిటీల పడ్డ గేటు లేని నీళ్లకు గూడ పనికొస్తది. 2023ల అందరి ఫోన్లు ఒక్కసారే గట్టిగ మోగి టెస్ట్ అలర్ట్ అని వచ్చింది, గుర్తుందా, మా ముసలోళ్లు ఫోన్ పగిలిపోతదేమో అని భయపడ్డరు. ఆ సిస్టం ఉన్నట్టే కదా మరి. మూసీ పొంటి టవర్లకు మాత్రమే పెట్టి తెలుగుల, ఏ ఊరికి ఎన్నింటికి ఎన్ని ఫీట్లు వస్తదో రెండు లైన్లల్ల పంపియ్యండ్రి, ప్రతి వానకు మోగిస్తే ఎవరూ పట్టించుకోరు, బ్రిడ్జి మునిగేటట్టు ఉంటేనే మోగియ్యాలె. ఫోన్ లేనోళ్లకు ఊర్ల డప్పు చాటింపు ఎట్లాగు ఉంది, చాటింపు వేసేటాయనకు రాత్రి పూట పైసలు ఇచ్చే పద్దు పంచాయతీల పెట్టండ్రి, ఆయన గూడ మనిషే, అర్ధరాత్రి వానల ఊరికే తిరగమంటే ఎట్ల.

హైలెవెల్ బ్రిడ్జిలు మీకు చేతనైనప్పుడు కట్టండ్రి, అడుగుడు మేం ఆపం. పైన రాసినయి మాత్రం జూన్‌ల మృగశిర కార్తె వచ్చేలోపే అయ్యే పనులు. స్కేలు గీయడానికి మీ ఇంజినీర్ సారును ఒక పూట పంపిస్తే పెయింట్, నిచ్చెన, ఇద్దరు మనుషులు మా దిక్కు నుంచి, 2020ల నీళ్లు ఎక్కడిదాక వచ్చినయో కత్వ కాడ నిలబడి చూపిస్తం. వచ్చే ముందు రోజు సర్పంచ్‌కు ఒక ఫోన్ కొట్టండ్రి, మోటర్లు పోయిన రైతులను గూడ పిలిచి ఉంచుతం.

ఇట్లు,
మూసీ పొంటి ఊరి రైతు, వలిగొండ దిక్కు